చెంచలాకు పప్పులో పిడికెడు పిండి

మా పొయ్యి పక్కన గోడ గూట్లో ఒక పాత పాలపొడి డబ్బా ఉండేది. అన్నం వండిన ప్రతిసారీ అమ్మ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది. అది దేవుని పిడికెడు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో కట్టుకుని వెళ్ళి గుళ్ళో ప్రభువు బల్ల ముందున్న గంపలో పోసేవాళ్ళం. మా పేటలో ప్రతి ఇంటికీ అలాంటి డబ్బా ఒకటి ఉండేది. అమ్మ పిడికిలి చిన్నది. అయినా వేళ్ళ సందుల్లోంచి జారే గింజలు తిరిగి మా బియ్యంలో పడకుండా రెండో చెయ్యి కింద పట్టేది. ఒకసారి ఆయనదనుకున్నాక ఆయనదే అనేది.

ఆ డబ్బాలోంచి ఒక రోజు నేను తీసిన పిడికెడు గురించి, దానివల్ల అమ్మ పోగొట్టుకున్న కాళ్ళ గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. సంఘంలో ఎన్నోసార్లు లేచి నిలబడి మాట్లాడినదాన్నే. ఈ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మది పొన్నూరు పక్కన ఊరు. కాలవ నీళ్ళ మధ్య పుట్టిన మనిషి పెళ్ళయ్యి మా నల్లరేగడి మెట్టకొచ్చింది. ఇక్కడ పత్తి, మిరప తప్ప కంటికి ఇంకోటి ఆనదు. నాన్న గుంటూరు మిరప యార్డులో బస్తాలు మోసేవాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారే వెళ్ళిపోయేవాడు. మిగతా రోజులు నేనూ చెల్లీ ఏం తింటామన్నది అమ్మ కాళ్ళూ చేతుల మీదే ఆధారపడి ఉండేది.

ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత చోటు. అందులోనే ఆమె తోట. స్నానం నీళ్ళు బచ్చలికి, గిన్నెలు కడిగిన నీళ్ళు గోంగూరకి పోయేట్టు చేత్తో చిన్న బోదెలు తీసింది. సొరపాదు తాటాకు కప్పెక్కేది. చుట్టూ వేసిన కంప మీద చిక్కుడు. పురుగు పడితే పొయ్యిలో బూడిద చల్లేది. వచ్చే ఏటికి దాచిన గింజల్ని పేడలో అద్ది గోడకి కొట్టేది. మా వెనక గోడ నిండా అమ్మ అయిదువేళ్ళ అచ్చులతో పేడముద్దలు ఉండేవి. వాటిని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది.

తోటలో లేని రోజుల్లో పొలాలుండేవి. పత్తిలో కలుపు తీసే ఆడవాళ్ళు తినే కలుపు వేరు, పారేసే కలుపు వేరు చేసి, తినేది ఒడిలో వేసుకుంటారు. చెంచలాకు, గురుగాకు, గంగవాయిలి, చిలకతోటకూర. కూలి ఆసామిది, ఒడిలో కూర మనది. ఏ ఆసామీ అడ్డు చెప్పేవాడు కాదు. సాయంత్రం వరసగా ఇళ్ళకి నడిచొచ్చే ఆడవాళ్ళందరికీ నడుం ముందు ఆకుల మూట ఉబ్బెత్తుగా ఉండేది. "నీకెన్నో నెలే?" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు.

తొంభైల చివర్లో పత్తికి పచ్చపురుగు పట్టింది. ఏ మందు కొట్టినా చావలేదు. నాలుగు రోజులకోసారి కొట్టేవాళ్ళు, రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళు. కలుపు తీసే ముఠాలో చాలామంది ఒడిలో కూర మానేశారు. అమ్మ మానలేదు. ఆమెకి ఆమె లెక్కలున్నాయి. మందు కొట్టిన చేలో రెండు వానలు పడేదాకా ఆకు ముట్టదు. కోసిన ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తుంది, పురుగు కొట్టిన చిల్లు ఉంటేనే ఒడిలో వేస్తుంది. "పురుగు బతికిందంటే మనమూ బతుకుతాం. పురుగు కూడా ముట్టని ఆకు మనకెందుకే?" అనేది. ఈ లెక్క నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ తెలిసినా నా బుర్రకెక్కలేదు. నా బుర్ర నిండా అప్పుడు బైబిలు వాక్యమే.

అప్పుడు నాకు పదిహేడు. గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతున్నాను. సెలవులకి ఊరొస్తే ఆదివారం బడి పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ఆ దసరా సెలవుల్లో చెప్పిన పాఠం కరువు కాలంలో ప్రవక్త దగ్గర జరిగిన సంగతి. ఒకడు పొలంలోకి కూరాకులు ఏరడానికి వెళ్ళి, తెలియక అడవి తీగకాయలు తెచ్చి కుండలో తరిగి వేస్తాడు. తినబోయినవాళ్ళు కుండలో విషముందని కేకలు వేస్తారు. ప్రవక్త పిండి తెమ్మని, ఆ పిండి కుండలో వేస్తాడు. తర్వాత ఎవరికీ ఏమీ కాదు. నల్లబల్ల మీద సుద్దముక్కతో కుండ బొమ్మ వేసి, "కుండలో ఏముంది?" అని నేను అడిగితే పిల్లలు "విషం!" అని అరిచేవాళ్ళు. "ఎవరు తీశారు?" అంటే "దేవుడు!" అని ఇంకా గట్టిగా అరిచేవాళ్ళు. మా చెల్లి గొంతే అందరికన్నా పైకి వినపడేది. దానికి తొమ్మిదేళ్ళు.

ఆ వారంలోనే అమ్మకి చలిజ్వరం వచ్చింది. బావిలో నీళ్ళు అడుగంటి తోట అప్పటికే ఎండిపోయింది, గోంగూర మోళ్ళు తప్ప ఏం మిగల్లేదు. అమ్మ బదులు కలుపుకి నేను వెళ్ళాను. మా పక్కింటి పెద్దమ్మే ముఠాకి మేస్త్రి. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఏమే కాలేజీ, పత్తి మొక్కేదో గడ్డేదో తెలుసా, లేకపోతే దానికీ పుస్తకం తెచ్చుకున్నావా?"

"తెలుసులే పెద్దమ్మా."

"తెలిస్తే ఆ పీకిందేంటే? ఆసామి చూస్తే మీ నాన్నని తీసుకొచ్చి ఆ గుంటలో నాటతాడు!"

అందరూ నవ్వారు. సిగ్గుపడి వంచిన తల ఎత్తకుండా మధ్యాహ్నం దాకా పనిచేశాను. పని దిగాక వాళ్ళు డొంకదారి పట్టారు. నేను మొహం కడుక్కుందామని వాగు గట్టుకి వెళ్ళాను. అక్కడ మందు కలిపే నీలం డ్రమ్ము ఉంది. దాని చుట్టూ నేల తడిగా ఉంది. ఆ తడిలో చెంచలాకు గుబురుగా పెరిగి ఉంది. ఆ కరువులో అంత పచ్చదనం ఎక్కడా చూడలేదు. ఒక్క ఆకుకీ చిల్లు లేదు. అమ్మకి చెంచలాకు పప్పంటే ప్రాణం. జ్వరం నోటికి రుచిగా ఉంటుందనుకున్నాను. ప్రభువు నాకోసమే అక్కడ మొలిపించి ఉంచాడనుకుని, స్తోత్రం చెప్పుకుంటూ ఒడి నిండా కోశాను. మందు పంపులు కడిగి ఆ నీళ్ళు అక్కడే పారబోస్తారని నాకు తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. పప్పు డబ్బాలో అడుగున మిగిలిన కందిపప్పంతా తీసి, ఆకు కడిగి, పప్పు వండి తాలింపు పెట్టాను. ఆ వాసనకే అమ్మ లేచింది.

"ఏం కూరే?"

"చెంచలాకు పప్పమ్మా. నీకిష్టమని."

ఆమె మొహం విచ్చుకోవడం నేను చూశాను. గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. చేటలో మిగిలిన రెండు ఆకులు తీసి అలవాటుగా గుమ్మం వెలుతురుకి ఎదురు పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"చిల్లు లేదేంటే?"

"ఏరి ఏరి లేతవి కోశా."

"ఎక్కడ?"

"వాగు గట్టున. డ్రమ్ము పక్కన."

ఆకుని నలిపి వాసన చూసింది. మూత తీసి కుండ మీదికి వంగి మళ్ళీ చూసింది. "పారబొయ్యి" అంది.

"పప్పంతా వేసేశానమ్మా. ఇంకేం లేదు ఇంట్లో."

"లేకపోతే కారం, అన్నం తిందాం. పారబొయ్యి. కోళ్ళు తిరగని చోట గుంట తీసి పొయ్యి."

అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నాకు పొద్దున చేలో పడ్డ సిగ్గు గుర్తొచ్చింది. వండినదంతా పారబోస్తే పెద్దమ్మ ఏమంటుందో అనిపించింది. దానికంటే ఎక్కువగా, నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. పాఠంలో చెప్పింది నా పొయ్యి మీదికే వచ్చిందనుకున్నాను. నన్ను పరీక్షించడానికే ఇదంతా అనుకున్నాను.

"అమ్మా, పిండి వేస్తే చాలు. ఆయన విషం తీసేస్తాడు."

"ఆ ప్రవక్తగారు మనింటికి రాలేదే. వచ్చింది నువ్వు."

"నీకు నమ్మకం లేదా అమ్మా?"

అమ్మ నా వంక చూసింది. ఆమెకి చదువు రాదు. పాట పుస్తకం చేతిలో పట్టుకునేది గానీ పాటలన్నీ విని నేర్చుకున్నవే. నేను చదువుతుంటే వాక్యం వినేది, మధ్యలో ఆపితే "ఇంకొంచెం చదవ్వే" అనేది. అలాంటి మనిషిని నేను ఆ మాట అడిగాను. ఆమె చూరు కింద నీడలోకి వెళ్ళి కూర్చుంది.

ఇంట్లో పిండి లేదు. దేవుని డబ్బాలోంచి ఒక పిడికెడు బియ్యం తీశాను. ఆయన బియ్యమైతే ఇంకా బలంగా పనిచేస్తుందనుకున్నాను. రోట్లో వేసి దంచాను. పిండి పప్పులో వేసి, గరిటెతో కలిపి, కుండ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. చాలా పెద్ద ప్రార్థన. చెల్లి కళ్ళు మూసుకుని పక్కన నిలబడి ఆమెన్ అంది.

అమ్మ కంచం తెచ్చుకుంది. "ముందు నేను తింటా. పొద్దు గుంకేదాకా మీరిద్దరూ ముట్టొద్దు. చెల్లికి ఆకలైతే కారం కలిపి పెట్టు" అంది.

"అంటే నువ్వు నమ్మనట్టేగా."

"నమ్మబట్టే తింటున్నాగా" అని కలుపుకుంది. నాలుగు ముద్దలు తిన్నాక "బాగుందే. ఉప్పు కాస్త తగ్గింది" అంది. కంచం ఖాళీ చేసింది. నా ముందు ఒక్క మెతుకు వదల్లేదు.

కాసేపటికి చెమట పట్టింది. జ్వరం దిగుతోందని నేను సంతోషించాను. తర్వాత నోట్లోంచి నీళ్ళు ఊరుతున్నాయని కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. "నాకు నువ్వు ఇద్దరుగా కనపడుతున్నావే" అంది. ఆ తర్వాత వాంతులు. చెల్లి ఏడుస్తూ పరిగెత్తి పెద్దమ్మని పిలుచుకొచ్చింది. ఆమె అమ్మ కళ్ళలోకి చూసి, పొయ్యి మీది కుండలోకి చూసి, "ఏం పెట్టావే మీ అమ్మకి?" అని కేకేసింది. నేను మోకాళ్ళ మీద ఉన్నాను. లేవలేదు. నన్ను జబ్బ పట్టుకుని లేపి, "దేవుడితో తర్వాత మాట్లాడొచ్చు, ట్రాక్టరు పిలువు ముందు!" అంది.

టౌన్లో ఆస్పత్రిలో కళ్ళలో టార్చి వేసి చూడగానే డాక్టరు "ఎప్పుడు తాగింది?" అన్నాడు. ఆ రోజుల్లో పత్తి ఊళ్ళనుంచి అలా వచ్చినవాళ్ళందరూ పురుగుమందు తాగి వచ్చినవాళ్ళే. అమ్మ వినపడీ వినపడకుండా "పప్పు తిన్నా" అంది. "పప్పు తింటే ఇట్టా అవుతుందా? ఇంట్లో ఏం గొడవైంది, మీ ఆయన కొట్టాడా?" అని నర్సు అడిగింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆకు సంగతి చెప్పాను, పిండి సంగతి చెప్పలేదు. ఆకు సంగతీ వాళ్ళు నమ్మలేదు. తాగిందనే రాసుకున్నారు.

విరుగుడు సూదులు వేసిన రెండు రోజులు ఆమెకి స్పృహ సరిగ్గా లేదు. దుప్పటి మీద కనపడని ఆకులు కోస్తూనే ఉండేది. ఒక్కొక్క ఆకునీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, కొన్ని ఒడిలో వేసుకునేది, కొన్ని మంచం కిందికి విసిరేసేది. నాన్న యార్డు నుంచి మిరపఘాటు బట్టలతోనే వచ్చి ఆమె చేతులు పట్టుకుంటే, "వదులు, పొద్దుబోతోంది" అని విదిలించుకునేది.

ఆరో రోజు ఇంటికొచ్చింది. మా సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, అందులో ఎవరి ప్రేమనీ నేను తక్కువ చేయను. అమ్మ నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చింది. పొయ్యి వెలిగించుకుంది. కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేసింది. నేను తీసిందానికి బదులుగా ఇంకో పిడికెడు కూడా వేసింది. ఆ రెండో పిడికెడు నాకు కనపడేట్టు వేయలేదు, అయినా నేను చూశాను.

మూడు వారాలకి కోత పండగ వచ్చింది. ఆ రోజు అందరూ పండించినవి గుళ్ళోకి తెస్తారు. గుమ్మడికాయలు, కంకులు, పత్తి బుట్టలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు. ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. అమ్మ తన గోడ మీది పేడముద్దల్లోంచి సొరగింజలు తీసి ఒక పొట్లం కట్టింది, ఇవ్వడానికి కాయ లేదు గనక. గుడికి వెళ్తూ ఉంటే ఆమె ఎడమ కాలి చెప్పు దారిలో జారిపోయింది. ఆమెకి తెలియలేదు. ఒంటి చెప్పుతో అలాగే నడుస్తోంది. "అమ్మా, చెప్పు పారేసుకున్నావు!" అని నేనూ చెల్లీ పగలబడి నవ్వాం. ఆమె వెనక్కి తిరిగి కాలి వంక చూసుకుని, "ఎప్పుడు పోయిందే?" అంది. ఆమె నవ్వలేదు.

సంఘ పెద్ద నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి చెప్పాను. ఆకు గురించి, కుండ గురించి, దేవుని బియ్యం పిండి గురించి. ఆ పిండి వేయబట్టే మా అమ్మ ఈ రోజు మీ మధ్య ఉందని చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అని గుడి అదిరిపోయింది. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. అమ్మ పారబొయ్యమందని చెప్పలేదు. నమ్మకం లేదా అని నేనడిగానని చెప్పలేదు. ముందు తాను తిని మమ్మల్ని ఆపిందని చెప్పలేదు. చాప మీద వెనక వరసలో కూర్చుని అమ్మ రెండు చేతులతో అరికాళ్ళు రుద్దుకుంటూ నా మాటలు వింటోంది.

క్రిస్మస్ నాటికి పాదాలు వేలాడిపోయాయి. ఆ తర్వాత మోకాళ్ళ దాకా చచ్చుబడ్డాయి. గుంటూరు బ్రాడీపేటలో నరాల డాక్టరు దగ్గరికి నాన్న మోసుకెళ్ళాడు. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూశాడాయన. కొందరికి ఇలాంటి పురుగుమందులు నెల తర్వాత నరాల్ని దెబ్బతీస్తాయని, బలం తిరిగొస్తే రావచ్చని, రాకపోతే చేయగలిగింది లేదని చెప్పాడు. తిరిగి రాలేదు.

నేను కాలేజీ మానేసి ముఠాలో చేరాను. పెద్దమ్మ నన్ను మళ్ళీ ఎప్పుడూ కాలేజీ అని పిలవలేదు. ఆ పిలుపు కోసం ఎదురుచూసేదాన్ని. అమ్మ పిరుదుల మీద జరుగుతూ పెరట్లోకి వెళ్ళి తోట వేయబోయింది. బోదెలు తీసింది గానీ బావినుంచి నీళ్ళు తేలేదు, కప్పెక్కిన తీగని అందుకోలేదు. రెండేళ్ళకి అదీ వదిలేసింది. గోడ మీది పేడముద్దలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఎలుకలు గింజలు తినేశాయి.

ప్రార్థించడానికి చాలామంది వచ్చారు. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక సువార్తికుడు నూనె రాసి, లేచి నడవమని మూడుసార్లు గద్దించి, చివరికి ఇంట్లో ఎవరో సందేహిస్తున్నారని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ రోజు నేను అనుమానపడే తిన్నానే. నీకు చెప్పలేదు. ప్రతి ముద్దకీ భయపడ్డా. నువ్వు పూర్తిగా నమ్మావు గనక ప్రాణం నిలిచింది. నేను సగమే నమ్మా గనక కాళ్ళు పోయాయి. అంతేగా?"

నేను చెప్పిన సాక్ష్యంలోంచే ఆమె ఆ లెక్క కట్టుకుంది. కాదమ్మా, నీ లెక్కే సరైంది, చిల్లు లేని ఆకుని నువ్వు గుర్తుపట్టావు, తప్పు నాది అని అప్పుడు చెప్పాలి. చెబితే సాక్ష్యం అబద్ధమవుతుంది. సాక్ష్యం అబద్ధమైతే, ఆ పూట నేను కుండ మీద చెయ్యి పెట్టి ఎవరితో మాట్లాడాను? ఆ ప్రశ్న ముందు నిలబడటానికి నాకు ధైర్యం చాల్లేదు. "అట్టా అనుకోకమ్మా" అన్నాను. అంతకుమించి అనలేదు. ఆమె అట్టాగే అనుకుంటూ బతికింది. రోజూ తన అవిశ్వాసానికి క్షమాపణ అడుగుతూ ప్రార్థించేది. పక్కనే కూర్చుని ఆమెన్ అనేదాన్ని నేనే.

ఏళ్ళు గడిచాయి. కొత్త పత్తి విత్తనాలొచ్చాయి. గడ్డి మందులొచ్చాయి. కలుపు ఆడవాళ్ళ చేతుల్లోంచి పంపుల్లోకి పోయింది. సాళ్ళ మధ్య నేల ఊడ్చినట్టుండేది. ఒడిలో కూర అనే మాటే మా పేటలో వినపడటం మానేసింది. ఆకుకూరలు టౌన్ నుంచి ఆటోలో వచ్చేవి, కట్టలు కట్టి, ఒక్క చిల్లు లేకుండా.

అమ్మ పోయే ముందు ఏడాది చెంచలాకు పప్పు అడిగింది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. వారం రోజులు గట్లన్నీ తిరిగాను. చివరికి మా గుడి వెనక, సహవాస భోజనాల తర్వాత చేతులు కడిగే నీళ్ళు పారే చోట నాలుగు మొక్కలు దొరికాయి. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అప్పటికి చూపు మందగించింది. ఆకుని గుమ్మం వైపు పట్టుకుని వేలితో తడిమి చూసింది.

"చిల్లుందిలే" అంది.

వండాను. ఉప్పు రెండుసార్లు చూశాను. కంచం ముందు పెట్టుకుని ఆమె తలొంచింది. ఎప్పుడూ మనసులో చేసుకునే మనిషి, ఆ రోజు నాకు వినపడేట్టు ప్రార్థించింది. "ప్రభువా, ఈసారి అనుమానం లేకుండా తింటున్నా."

అప్పటిగ్గానీ ఆ పప్పు ఎందుకడిగిందో నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా, మెతుకు వదలకుండా తింది. చెయ్యి కడిగించుకుంది. గోడకి ఆనుకుని, దుప్పటి పక్కకి తీయమంది. తీశాను. కట్టెపుల్లల్లా అయిపోయిన ఆ రెండు కాళ్ళ వంకా చూస్తూ కూర్చుంది. బయట ఎండ తగ్గేదాకా అలాగే చూసింది. నేను కదలకుండా పక్కనే ఉన్నాను.

"ఎడం బొటనవేలు కదిలినట్టుందా?" అని అడిగింది.

కదల్లేదు. కదిలిందనే చెప్పాను.